ఒక ఆట కోసం రాసిన కథను మరో ఆటలోకి ఎలా మారుస్తారు?

బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మారి, పాచికలు వేస్తూ కథ నడిపించే ఆటలున్నాయి. వాటిలో మొట్టమొదట అచ్చయి అమ్మకానికి వచ్చింది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ (అమెరికా, 1974). భయం గొలిపే కథల ఆట ‘కాల్ ఆఫ్ కతూలూ’ 1981లో వచ్చింది. మొదటిదాని కోసం రాసిన కథను రెండోదానిలో ఆడవచ్చా? ఆడవచ్చు. కట్టెల పొయ్యి మీద ఉడికే పప్పును కుక్కర్లో వండినట్టే. పప్పు అదే, లెక్క మాత్రం విజిల్స్‌లోకి మారుతుంది.

ముందు కథను, అంకెలను విడదీయాలి. ఊరు, దొంగ, రహస్యం అలాగే ఉంటాయి. మారేవి అంకెలు.

ఉదాహరణకు, తాళం వేసిన తలుపు. మొదటి ఆటలో దాని కష్టం 15, పాత్ర నేర్పు 5 అనుకుందాం. పాచిక అంకెకు నేర్పు కలిపితే కష్టం కన్నా తగ్గకూడదు కాబట్టి, 20 ముఖాల పాచికపై 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే తలుపు తెరుచుకుంటుంది. అంటే 20లో 11 అవకాశాలు, నూటికి 55. రెండో ఆటలో పాచికలు 1 నుంచి 100 వరకు అంకె చూపుతాయి. అది పాత్ర నేర్పును మించకూడదు. కాబట్టి నేర్పు 55 ఉంటే అవకాశం సరిగ్గా అంతే.

రాక్షసుల దగ్గర ఈ లెక్క చాలదు. మొదటి ఆటలో వీరులు ఆడేకొద్దీ బలపడతారు. రెండో ఆటలోని మామూలు మనుషులు కొన్ని గట్టి దెబ్బలకే పడిపోతారు. అందుకే ప్రతి రాక్షసుడూ కథలో ఎందుకున్నాడో చూడాలి. భయపెట్టడానికే అయితే, పోరాటానికి బదులు దాక్కునే చోటు, పారిపోయే దారి పెట్టాలి.

చివరగా ఒకసారి ఆడి చూసి, మరీ తేలికైన చోట, మరీ కష్టమైన చోట అంకెలు సరిదిద్దాలి.