ట్రాక్టరుకు పెద్ద టైర్లు: ఏ నేలకు ఏ సైజు?

రాయలసీమలో అన్ని నేలల మీదా నడవాల్సిన బండి ట్రాక్టరు. పాత కర్నూలు, కడప జిల్లాలనే తీసుకుంటే నంద్యాల, కోయిలకుంట్ల, జమ్మలమడుగు చేలలో నల్లరేగడి, పత్తికొండ, రాయచోటి వైపు గులకరాళ్ల ఎర్రనేల, కేసీ కాలువ కింద దమ్ము చేసిన వరిమడి, బేతంచెర్ల, ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల దారి ఉన్నాయి. ఒకే జత వెనక టైర్లు వీటన్నిటినీ తట్టుకోవాలి. అరిగిన టైర్లు మార్చే సమయం రాగానే చాలామంది రైతులు ఒక సైజు పెద్దవి వేయించాలనుకుంటారు. ఆ నిర్ణయంలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ఏది ఎక్కువో చేను, పని చెబుతాయి.

టైరు పక్కన రాసి ఉండే అంకెల్లో మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము వ్యాసం, రెండూ అంగుళాల్లో. 13.6-28 అంటే 13.6 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల రిమ్ము. మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే 35 నుంచి 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లకు వెనక 13.6-28 లేదా 14.9-28 వస్తాయి. అంతకు మించిన శక్తి గలవాటికి 16.9-28 ఉంటుంది. రేడియల్ టైర్లలో ఇవే సైజులు 340/85 ఆర్28, 380/85 ఆర్28, 420/85 ఆర్28 అని వెడల్పు మిల్లీమీటర్ల లెక్కలో రాసి ఉంటాయి. రిమ్ము వ్యాసం ఒకటే అయినా టైరు మొత్తం ఎత్తు మారుతుంది. 13.6 సైజు సుమారు 131 సెంటీమీటర్లు, 14.9 దాదాపు 136, 16.9 దాదాపు 143 ఉంటాయి. తయారీదారును బట్టి కొద్దిగా తేడా వస్తుంది.

ట్రాక్టర్లకు మొదట ఇనుప చక్రాలే ఉండేవి. 1932లో అమెరికాలో అల్లిస్-చామర్స్ కంపెనీ గాలి టైర్లతో ట్రాక్టరును తెచ్చాక పొలం పనీ రోడ్డు ప్రయాణమూ ఒకే బండితో సాధ్యమయ్యాయి. గాలి టైరు పనిచేసే సూత్రం తేలికైనదే. టైరు నేల మీద వేసే ఒత్తిడి, దాదాపుగా దాని లోపలి గాలి ఒత్తిడిని బట్టి ఉంటుంది. పెద్ద టైరు అదే బరువును తక్కువ గాలితో మోయగలదు. అందుకే ఎక్కువ జాగాలో ఆనుతుంది, తక్కువ దిగబడుతుంది, తక్కువ జారుతుంది. ఇసుకలో, బురదలో తిరిగే నాలుగు చక్రాల చిన్న ఏటీవీలకు వెడల్పాటి మెత్తని టైర్లు వేసేదీ ఇందుకే.

మెట్ట సేద్యంలో ఈ మేలు చిన్నది కాదు. రేగడిలో శనగ విత్తే పదును కొద్ది రోజులే ఉంటుంది. ఆ తేమలో బరువైన బండి గట్టి గాలి టైర్లతో తిరిగితే అడుగు మట్టి అణిగి పలకలా బిగుసుకుంటుంది. శనగ, కంది, పత్తి వేళ్లు లోతుకు దిగలేవు, వాన నీరు ఇంకదు. వానే తక్కువగా పడే చోట ఇంకని ప్రతి చుక్కా పంటకు నష్టమే. పెద్ద టైరులో గాలి తగ్గించి నడిపితే ఈ అణుగుడు తగ్గుతుంది. గాలి తగ్గించకుండా టైరు మాత్రమే పెంచితే ఆ మేలులో చాలా భాగం దక్కదు. ఇక తడి రేగడి టైరు గట్ల మధ్య మెత్తుకుపోయిందంటే ఎంత పెద్ద టైరైనా నున్నటి చక్రంలా జారుతుంది. అప్పుడు చేను ఆరేదాకా ఆగడమే మార్గం.

నష్టాలు లాగుడు దగ్గర మొదలవుతాయి. ఇంజను, గేర్లు అవే ఉన్నప్పుడు చక్రం పెద్దదయ్యే కొద్దీ నేల దగ్గర అందే బలం తగ్గుతుంది, వేగం పెరుగుతుంది. 13.6 నుంచి 14.9కి మారితే ఈ తేడా దాదాపు 4 శాతం, 16.9కి మారితే దాదాపు 9 శాతం. మొదటిది చేలో పెద్దగా తెలియదు. రెండోదైతే ఎర్రనేలలో లోతు దుక్కి దున్నేటప్పుడు ఒక గేరు దిగాల్సి రావచ్చు. రోటవేటర్ వేస్తే, దాని కత్తులు అదే వేగంతో తిరుగుతుండగా బండి ముందుకు త్వరగా పోతుంది కాబట్టి పెళ్లలు పెద్దవిగా మిగులుతాయి.

బ్రేకుల సంగతి ఇంకా ముఖ్యం. బ్రేకు పట్టు మారదు గానీ చక్రం పెద్దదైనందున బండిని ఆపే శక్తి తగ్గుతుంది. గువ్వలచెరువు ఘాట్ లాంటి దిగువల్లో నిండు ట్రాలీతో దిగేటప్పుడు ఆ తేడా ప్రాణాల మీదికి రావచ్చు. ఇరుసు ఎత్తు కూడా ఒక సైజుకు రెండున్నర సెంటీమీటర్లు, రెండు సైజులకు ఆరు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గట్ల మీద, వాలు చేలలో బోల్తా పడే ప్రమాదం ఆ మేరకు పెరుగుతుంది.

సాళ్ల మధ్య పనికి వెడల్పే అడ్డు. 16.9 టైరు వెడల్పు దాదాపు 43 సెంటీమీటర్లు. 45 సెంటీమీటర్ల సాళ్లలో వేసిన జొన్నలో దాన్ని నడిపితే మొక్కలు నలుగుతాయి. 90 సెంటీమీటర్ల పత్తి సాళ్లలో ఇబ్బంది తక్కువ. ట్రాక్టరుతో అంతరసేద్యం చేసేవారికి సన్నటి టైరే మంచిది.

కొనే ముందు రిమ్ము వెడల్పు కొలవాలి. 13.6 టైరుకు 12 అంగుళాల రిమ్ము సరిపోతుంది. 14.9కి 13 అంగుళాలది మేలు, 12 అంగుళాలదైనా పనికొస్తుంది. 16.9కి 15 అంగుళాల రిమ్ము కావాలి. ఇరుకు రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే టైరు మధ్యలో ఉబ్బి, నడుమే అరిగిపోతుంది. మడ్‌గార్డుకు, హైడ్రాలిక్ చేతులకు, గొలుసులకు టైరు తగలకుండా ఖాళీ ఉందో చూసుకోవాలి. ట్యూబు కూడా కొత్త సైజుదే ఉండాలి. వెనక రెండు టైర్లనూ ఒకేసారి మార్చాలి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అయితే డిఫరెన్షియల్ మీద ఎడతెగని ఒత్తిడి పడుతుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ ట్రాక్టరులో ముందు, వెనక టైర్ల చుట్టుకొలతల నిష్పత్తిని కంపెనీ లెక్కగట్టి పెడుతుంది. వెనకవి మాత్రమే పెంచితే గేర్లు ఒకదానితో ఒకటి పెనుగులాడి పాడవుతాయి. ట్రాక్టరు పుస్తకంలో ఇచ్చిన సైజుల జాబితా దాటకపోవడం క్షేమం. రిజిస్ట్రేషన్‌కూ బీమాకూ కూడా అదే మంచిది.

నాపరాళ్ల గనుల దారిలో, సర్కారు కంప ముళ్లున్న చేలలో సైజు కన్నా గట్టితనమే ముఖ్యం. పక్క గోడ బలంగా ఉండి, ప్లై రేటింగ్ ఎక్కువున్న టైరు అక్కడ ఎక్కువ కాలం మన్నుతుంది. వరిమడికి కూడా పెద్ద టైరు అవసరం లేదు. ఉన్న టైర్లకు కేజ్‌వీల్స్ తగిలిస్తే దమ్ము పని సాగిపోతుంది.

టైరు చాలడం లేదో, గాలీ బరువూ సరిగా లేవో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. వెనక టైరు మీద సుద్దతో గీత గీసి, పనిముట్టు ఎత్తిపెట్టి పది చుట్లు నడిపి దూరం కొలవాలి. తర్వాత దున్నుతూ మళ్లీ పది చుట్లు కొలవాలి. మొదటిది 41 మీటర్లు, రెండోది 35 మీటర్లు వస్తే జారుడు దాదాపు 15 శాతం. మెత్తని దుక్కిలో 10 నుంచి 15 శాతం సాధారణమే. అంతకు మించితే ముందుగా గాలిని కంపెనీ చెప్పిన స్థాయికి సరిచేయాలి. చేలో సాధారణంగా 12 నుంచి 14 పీఎస్ఐ చాలు, రోడ్డు మీద ట్రాలీ పనికి అంతకన్నా ఎక్కువ కావాలి. ఎండలో రబ్బరు వేడెక్కి గాలి ఎక్కువ చూపిస్తుంది కాబట్టి పొద్దున్నే కొలవాలి. మెట్ట దుక్కికి టైరులో ముప్పాతిక దాకా నీళ్లు నింపడం, చక్రాలకు బరువులు తగిలించడం చేసి చూడాలి. తడి నేలలోకి దిగే ముందు ఆ బరువు తీసేయాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ట్రాక్టరు నిర్వహణలో రైతులకు శిక్షణ ఇస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా జారుడు తగ్గకపోతే, జాబితాలో ఉన్న ఒక్క సైజు పెద్ద టైరు వేయించడం సరైన నిర్ణయం. బిగించేటప్పుడు పక్కనున్న బాణం గుర్తు ముందుకు తిరిగే దిశలోనే ఉండాలి. కొత్త టైర్లతో సుద్ద గీత పరీక్ష మళ్లీ చేసి, దాని ప్రకారం గాలీ బరువూ సరిచేసుకుంటే పెట్టిన డబ్బుకు తగ్గ ఫలితం దక్కుతుంది.