గ్రామీణ గృహాలలో ఇంధన పొదుపు: లెక్కలు, ఆచరణ మార్గాలు, విస్తరణ విధానం

వ్యవసాయ కుటుంబాల ఖర్చులలో సాగు ఖర్చును లెక్కించినంత శ్రద్ధగా ఇంటి ఇంధన ఖర్చును లెక్కించడం అరుదు. ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు వేసినదీ రైతు వెంటనే చెప్పగలడు. ఇంటిలో ఏ ఉపకరణం ఎన్ని యూనిట్ల విద్యుత్తు తీసుకుంటున్నదీ, గ్యాసు సిలిండరు ఎన్ని రోజులు వస్తున్నదీ చెప్పగలిగేవారు తక్కువ. కాగా విద్యుత్తు బిల్లు, వంట ఇంధనం ప్రతి నెలా నగదు రూపంలో చెల్లించవలసిన ఖర్చులు. పంట డబ్బు చేతికి రాని నెలలలో ఈ భారం మరింత తెలుస్తుంది. ఇంధన వినియోగాన్ని కొలవడం, వృథాను గుర్తించడం, తగ్గించడం అనే మూడు దశలను విస్తరణ సిబ్బంది రైతు కుటుంబాలకు ఎలా నేర్పవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

వినియోగాన్ని లెక్కించే పద్ధతి

వెయ్యి వాట్ల ఉపకరణం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ విద్యుత్తు ఖర్చవుతుంది. ఉపకరణంపై ముద్రించిన వాట్లను అది పనిచేసే గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే రోజువారీ యూనిట్లు వస్తాయి. ఉదాహరణగా వేసవిలో ఒక సాధారణ గృహాన్ని తీసుకుని 30 రోజులకు వేసిన లెక్క ఇది.

పట్టిక 1. వేసవి నెల వినియోగం (ఉదాహరణ)

1. పాత తరహా పంకాలు మూడు, 75 వాట్లు, రోజుకు 12 గంటలు: 81 యూనిట్లు
2. ఎయిర్ కూలరు, 150 వాట్లు, 8 గంటలు: 36 యూనిట్లు
3. ఫ్రిజ్, రోజుకు ఒక యూనిట్: 30 యూనిట్లు
4. చోక్‌తో కలిపి 50 వాట్ల ట్యూబులైట్లు రెండు, 6 గంటలు: 18 యూనిట్లు
5. 60 వాట్ల బల్బులు రెండు, 5 గంటలు: 18 యూనిట్లు
6. నీటి మోటారు, 900 వాట్లు, అరగంట: 13.5 యూనిట్లు
7. టీవీ, 80 వాట్లు, 5 గంటలు: 12 యూనిట్లు
8. మిక్సీ, ఇస్త్రీపెట్టె తదితరాలు: 7.5 యూనిట్లు

మొత్తం: 216 యూనిట్లు

పంకా చిన్న ఉపకరణమని, మోటారు పెద్దదని కుటుంబాలు భావించడం సహజం. లెక్క వేస్తే ఇది తారుమారవుతుంది. మోటారు వాట్లు ఎక్కువైనా పనిచేసే కాలం తక్కువ. పంకాల వాట్లు తక్కువైనా అవి గంటల తరబడి తిరుగుతాయి. అందువలన పొదుపును వాట్లు, గంటల లబ్ధం ఎక్కువగా ఉన్నచోట ప్రారంభించాలి.

రెండు వందల యూనిట్ల హద్దు

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ గృహ విద్యుత్తు ధరలు శ్లాబుల వారీగా పెరుగుతాయి. వినియోగం పెరిగిన కొద్దీ చివరి యూనిట్ల ధర మొదటి యూనిట్ల ధర కంటె ఎక్కువగా ఉంటుంది. కనుక తగ్గించిన ప్రతి యూనిట్ ఆ ఇంటికి పడుతున్న అత్యధిక ధర వద్ద ఆదా అవుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుండి అమలవుతున్న గృహజ్యోతి పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు ఉండదు. ఆ హద్దు దాటిన నెలలో మాత్రం మొత్తం వినియోగానికి బిల్లు చెల్లించవలసి ఉంటుంది. పై ఉదాహరణలోని కుటుంబం కేవలం 16 యూనిట్ల కారణంగా పూర్తి బిల్లు భరించవలసి వస్తుంది. "ఉచిత విద్యుత్తు ఉన్న ఇంటికి పొదుపు ఎందుకు?" అన్న ప్రశ్న గ్రామసభలలో ఎదురైనపుడు ఈ లెక్కనే చూపవచ్చు.

మొదట మార్చవలసినవి

పాత పంకాల స్థానంలో సుమారు 30 వాట్ల బీఎల్‌డీసీ పంకాలు అమర్చితే 81 యూనిట్లు 32.4కు తగ్గుతాయి. ట్యూబులైట్ల స్థానంలో 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు, 60 వాట్ల బల్బుల స్థానంలో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు వాడితే దీపాల ఖర్చు 36 నుండి 9.9 యూనిట్లకు తగ్గుతుంది. మొత్తం ఆదా 74.7 యూనిట్లు, నెల వినియోగం 141.3 యూనిట్లకు చేరుతుంది. గాలిలో గాని, వెలుతురులో గాని కుటుంబం కోల్పోయేది ఏమీ లేదు.

పెట్టుబడి ఎంతకాలంలో తిరిగి వస్తుందో కూడా చెప్పాలి. పంకాకు అదనంగా 1,500 రూపాయలు పెట్టినట్లు, యూనిట్ ధర 5 రూపాయలు అయినట్లు అనుకుంటే, ఒక్కొక్క పంకాపై నెలకు 16.2 యూనిట్లు, అనగా 81 రూపాయలు మిగులుతాయి. సుమారు 19 నెలల వాడకంలో పెట్టుబడి తిరిగి వస్తుంది. పంకా ఏడాదికి ఎనిమిది నెలలే తిరిగే ఇంటిలో దీనికి రెండు సంవత్సరాలు దాటుతుంది. రోజుకు రెండు మూడు గంటలు మాత్రమే తిరిగే పంకాను మార్చమని సలహా ఇవ్వడం సరికాదు.

పెద్ద పెట్టె వంటి పాత రెగ్యులేటరుతో వేగం తగ్గించినపుడు విద్యుత్తులో కొంత భాగం రెగ్యులేటరులోనే వేడిగా వృథా అవుతుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ఈ నష్టం స్వల్పం. ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా, పొయ్యికి, ఎండకు దూరంగా ఉంచాలి. తలుపు రబ్బరు అంచులో కాగితం పెట్టి మూసినపుడు అది సులువుగా జారి వస్తే చల్లదనం బయటకు పోతున్నట్లే. కొత్త ఉపకరణం కొనేటపుడు నక్షత్రాలతో పాటు లేబులుపై ముద్రించిన వార్షిక యూనిట్లను, లేబులు చెల్లుబాటు కాలాన్ని చూడాలి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తుంటారు కనుక కొన్నేళ్ళ నాటి ఐదు నక్షత్రాలు నేటి ఐదు నక్షత్రాలతో సమానం కావు.

ఇంటి పైకప్పు

తాటాకు కప్పు, పెంకుల కప్పు ఎండ వేడిని లోనికి త్వరగా రానీయవు. కాంక్రీటు శ్లాబు పగటి వేడిని నిల్వచేసుకుని రాత్రి గదిలోనికి వదులుతుంది. రేకుల కప్పు ఎండ పడిన కొద్దిసేపటికే కాగుతుంది. అట్టి గదిలో పంకా వేడిగాలినే త్రిప్పుతుంది. వేసవికి ముందు పైకప్పుకు తెల్లని సున్నం గాని, సూర్యకాంతిని పరావర్తనం చేసే తెల్లరంగు గాని పూస్తే కప్పు గ్రహించే వేడి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఈ సూత్రంపైనే ఆధారపడినది. పడమటి వైపు వేప, కానుగ వంటి చెట్లు, ముంగిట సొర, బీర పాదుల పందిరి గోడలపై ఎండను తగ్గిస్తాయి. ఎయిర్ కూలరు పొడిగాలిలోనే బాగా పనిచేస్తుంది. కనుక తెలంగాణ, రాయలసీమ జిల్లాల వేసవిలో ఇచ్చే ఫలితాన్ని తేమ అధికంగా ఉండే కోస్తా గ్రామాలలో ఆశించరాదు.

వంట ఇంధనం

నీరు మరగడం ప్రారంభమైన తరువాత మంట ఎంత పెంచినా తెరచిన గిన్నెలో దాని ఉష్ణోగ్రత సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దాటదు. అదనపు మంట నీటిని ఆవిరిగా మార్చుటకే ఖర్చవుతుంది. అందువలన పొంగు రాగానే మంట తగ్గించి మూత పెట్టాలి. ప్రెషర్ కుక్కరులో పీడనం కారణంగా నీరు సుమారు 120 డిగ్రీల వద్ద మరుగుతుంది కనుక పప్పు త్వరగా ఉడుకుతుంది. శనగలు, అలసందలు రాత్రి నానబెడితే ఉడికే కాలం ఇంకా తగ్గుతుంది. గిన్నె అడుగును దాటి ప్రక్కలకు ఎగసే మంట వృథా. నీలిమంటకు బదులు పసుపు మంట వస్తే బర్నరు శుభ్రం చేయాలి. కట్టెలు వాడే ఇళ్ళలో పచ్చి కట్టెలోని తేమను ఆవిరి చేయుటకే వేడిలో కొంత భాగం పోతుంది. పొగ కూడా పెరిగి వంట చేసే మహిళల ఆరోగ్యానికి హాని కలుగుతుంది. కట్టెలను ముందుగా ఎండబెట్టి నిల్వచేయడం ఖర్చులేని పరిష్కారం.

నాలుగైదు పశువులున్న కుటుంబానికి రెండు ఘనపు మీటర్ల గోబర్ గ్యాసు ప్లాంటు అనుకూలం. దీనికి రోజుకు సుమారు 50 కిలోల పేడ అవసరం. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాసు సుమారు 0.45 కిలోల వంటగ్యాసుతో సమానం. పూర్తి ఉత్పత్తి ఉన్న నెలలో ఇది 14.2 కిలోల సిలిండర్లు రెండింటికి దగ్గరగా వస్తుంది. చలికాలంలో ఉత్పత్తి తగ్గుతుందని ముందే తెలపాలి. బయటకు వచ్చే స్లర్రీ పొలానికి ఎరువవుతుంది.

సౌర విద్యుత్తు ఎప్పుడు?

2024లో ప్రారంభమైన పీఎం సూర్యఘర్ పథకం క్రింద ఇంటి పైకప్పు సౌర పలకలకు ఒక కిలోవాట్‌కు 30,000, రెండు కిలోవాట్లకు 60,000, మూడు లేదా అంతకు మించిన కిలోవాట్లకు 78,000 రూపాయల కేంద్ర సహాయం లభిస్తుంది. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సగటున నాలుగు యూనిట్ల చొప్పున నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. పై ఉదాహరణలో 216 యూనిట్ల ఇంటికి రెండు కిలోవాట్లు కావలసి ఉండగా, వినియోగం 141కి తగ్గిన తరువాత ఒక కిలోవాటే అధిక భాగం తీరుస్తుంది. పొదుపు ముందు, పలకలు తరువాత అన్న క్రమం పెట్టుబడిని తగ్గిస్తుంది. బిల్లు లేని కుటుంబాలకు మాత్రం ఈ పెట్టుబడి లాభదాయకత వేరుగా లెక్కించాలి.

గ్రామంలో ప్రదర్శన

ఎలక్ట్రానిక్ మీటరుపై మెరిసే చిన్న దీపం మంచి బోధనోపకరణం. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరుపైనే ముద్రించి ఉంటుంది. ఆ సంఖ్య 3,200 అయిన మీటరు వద్ద మిగిలినవన్నీ ఆపి 75 వాట్ల పంకాను మాత్రమే పది నిమిషాలు నడిపితే 40 మెరుపులు వస్తాయి. 30 వాట్ల పంకాకు 16 మాత్రమే. అన్ని స్విచ్చులు ఆపిన తరువాత కూడా దీపం మెరుస్తుంటే ప్లగ్గులో ఉన్న సెట్‌టాప్ బాక్సు వంటివి గాని, వైరింగు లోపం గాని కారణం కావచ్చు. లోపమని అనుమానం కలిగితే ఎలక్ట్రీషియనుచే పరీక్షింపజేయాలి.

విస్తరణ విద్యార్థులు ప్రతి గృహంలో మూడు అంశాలు నమోదు చేయవలసి ఉంటుంది: వారానికొకసారి ఒకే సమయంలో తీసిన మీటరు రీడింగు, సిలిండరు మార్చిన తేదీ, ఇంటిలో ఉన్నవారి సంఖ్య. మార్పుకు ముందు, తరువాత ఒకే ఋతువులోని రీడింగులనే పోల్చాలి. మే నెల వినియోగాన్ని డిసెంబరుతో పోల్చి తగ్గుదలను పొదుపుగా చూపితే కుటుంబం మరుసటి వేసవి బిల్లు చూసి సలహాపై నమ్మకం కోల్పోతుంది. వంట, నీరు, దీపాల వాడకం ప్రధానంగా మహిళల చేతిలో ఉంటుంది కనుక ఈ శిక్షణ వారికి అనువైన సమయంలో, స్వయం సహాయక సంఘాల సమావేశాలలో జరపడం ఫలదాయకం.