పేరు అదే, పాడేది ఎవరు?

పెళ్ళిపత్రిక చేతికి రాగానే ముహూర్తం చూసుకొన్న తరవాత మన పెద్దలు అడిగే ప్రశ్న ఒకటున్నది: "ఎవరి మేళం పెట్టినారు?" మేళం వచ్చి పందిట్లో కూర్చున్నాక రెండో ప్రశ్న బయలుదేరుతుంది: "ఏమప్పా, ఆ పాత సన్నాయి ఆయన రాలేదే?" డోలు మారితే సర్దుకుంటాం. తాళం వేసే కుర్రవాడు మారితే గమనించనే గమనించం. సన్నాయి మారితే మాత్రం మేళమే మారిపోయినట్టు తోస్తుంది.

ఈ చిక్కు మన పందిళ్ళకే పరిమితమైనది కాదు. చాంపియన్ రీఫ్స్ లైన్లలో క్రిస్మసు రోజుల్లోనూ, కొత్త సంవత్సరం రాత్రుల్లోనూ క్యాసెట్లు పెట్టుకొని చిందులు వేసిన కుర్రకారు ఇప్పుడు తాతలూ, అమ్మమ్మలూ అయినారు. బోనీ ఎం. అనే పేరు వారికి కొత్త కాదు. దూరదేశాలలో ఉద్యోగాలు చేసే బిడ్డలు, "ఇక్కడికి బోనీ ఎం. వాళ్ళు వస్తున్నారు, టిక్కెట్లు కొంటాం, రండి" అని పిలిచినప్పుడు వెళ్ళవలసినదే. అయితే ఆ మేళం కథ కాస్త తెలుసుకొని వెళితే ఆనందం పెరుగుతుంది, ఆశాభంగం తగ్గుతుంది.

ఈ మేళం మొదట మేళమే కాదు. 1975లో ఫ్రాంక్ ఫారియన్ అనే జర్మను సంగీత నిర్మాత స్టూడియోలో తానొక్కడే పలు గొంతులతో పాడి, ఒక రికార్డు చేసి, దానికి బోనీ ఎం. అని పేరు పెట్టాడు. ఆస్ట్రేలియా టెలివిజనులో వచ్చిన ఒక అపరాధ పరిశోధకుని కథలో నాయకుని పేరు బోనీ. అది ఆయనకు నచ్చింది. రికార్డు నలుగురి నోళ్ళలో పడ్డాక టెలివిజనులో కనిపించడానికి మనుషులు కావలసివచ్చారు. అట్లా చేరినవారే లిజ్ మిచెల్, మార్సియా బారెట్, మైజీ విలియమ్స్, బాబీ ఫారెల్. 1976లో 'డాడీ కూల్', 1978లో 'రివర్స్ ఆఫ్ బాబిలన్', 'రాస్‌పుటిన్' వారిని లోకమంతా తిప్పినవి.

ఇక అసలు సంగతి. రికార్డులలో వినిపించే ఆడగొంతులు లిజ్, మార్సియాలవి. ఆ లోతైన మగగొంతు ఫారియన్‌ది. వేదిక మీద మెరిసే దుస్తులతో ఎగిరి గంతులు వేసి జనాన్ని ఉర్రూతలూపిన బాబీ ఫారెల్ రికార్డులలో పాడలేదు. మైజీ కూడా పాడలేదు. ఈ సంగతిని ఫారియన్ 1978లోనే ఒప్పుకొన్నాడు. అంటే, నలుగురు పాత మనుషులూ చెక్కుచెదరకుండా వున్న రోజుల్లోనే పాడేది ఒకరు, కనిపించేది మరొకరు! మనుషులు మారడం వల్ల వచ్చిన లోపం కాదది, పుట్టుకతో వచ్చినదే.

1981లో ఫారెల్ మేళం విడిచిపోయాడు. 1982లో ఆయన స్థానంలో రెజీ సీబో వచ్చాడు. ఈయన నిజంగా పాడగలవాడు, రికార్డులలోనూ పాడాడు. అయినా జనం వెతుక్కొన్నది ఫారెల్‌నే. విచిత్రమనిపించినా ఇందులో న్యాయం లేకపోలేదు. గొంతు తనది కాకపోయినా ఆ ఆట మాత్రం ఫారెల్‌దే. చూడవచ్చినవారి కాళ్ళను కదిలించినది ఆ ఆటే.

1986లో మేళం విడిపోయింది. తరవాత పాతవారు ఒక్కొక్కరు ఒక్కొక్క బృందాన్ని కూర్చుకొని ఆ పాటలతో దేశాలు తిరిగారు. ఫారెల్ 2010 డిసెంబరు 30న రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో కన్నుమూశాడు. అంతకు ముందు సాయంత్రం కూడా అక్కడ ఆడాడు. ఫారియన్ 2024 జనవరిలో పోయాడు. కనుక ఈనాడు ఆ పేరుతో ఏ బృందం వచ్చినా అది పాత నలుగురి బోనీ ఎం. కాదు, కాలేదు.

మరి వెళ్ళడమెందుకు? 'రివర్స్ ఆఫ్ బాబిలన్' పాటకు ఆధారం బైబిలులోని 137వ కీర్తన. సొంత ఊరు పోగొట్టుకొని పరాయిచోట కూర్చున్నవారి దుఃఖం అది. 2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడిన తరవాత పిల్లలను బెంగుళూరికీ, అంతకన్న దూరానికీ పంపుకొన్న ఇళ్ళవారు ఆ పాట వినేటప్పుడు వినేది పాట ఒక్కటే కాదు. ఆనాటి లైను, ఆనాటి ఇరుగుపొరుగు కూడా చెవిలో పడతాయి. అందుకే అక్కడ మోసం జరిగితే డబ్బు పోయినదానికన్న ఎక్కువ బాధ కలుగుతుంది.

మార్పు మోసం కాదు, దాచడం మోసం. రోలింగ్ స్టోన్స్ 2003 ఏప్రిల్ 4న బెంగుళూరులో వాయించినప్పుడు వారి పాత బేసు గిటారు విద్వాంసుడు బిల్ వైమన్ లేడు. ఆయన వెళ్ళిపోయి అప్పటికి పదేళ్ళు. ఆ వాద్యం డారిల్ జోన్స్ చేతిలో వుంది. ఇది దాచిన సంగతి కాదు కనుక ఎవరికీ చిన్నతనం లేదు. మన నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి సంగతి చూడండి. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన ఆ మహనీయుడు 1999లో పరమపదించారు. ఆయన వద్దనే నేర్చి, ఆయన పక్కన కూర్చుని వాయించిన మనుమలు కాశిం, బాబు ఆ బాణీని నిలిపారు. వారిని వినేవారు "తాతగారు లేరే" అనుకుంటారు, కాని "ఇది వేరే మేళం" అనరు.

కనుక టిక్కెట్టు కొనేముందు ప్రకటనలో పెద్ద అక్షరాల పేరుతో ఆగక, కింద చిన్న అక్షరాలలో ఎవరి పేరున్నదో పిల్లలచేత చదివించండి. పాతవారిలో ఎవరైనా వున్నారా, వుంటే రికార్డులో పాడినవారా, వేదిక మీద ఆడినవారా అని అడగండి. తెలుసుకొని వెళ్ళినాక మాత్రం బేరీజు వేస్తూ కూర్చోవద్దు. కొత్తగా చేరిన అమ్మాయి శ్రుతి తప్పకుండా పాడితే ఆమెకూ చప్పట్లు కొట్టండి. మన పందిట్లో కొత్త సన్నాయి కుర్రవాడికి మొదటిసారి తాంబూలం అందించినప్పుడు మనం చేసేదీ అదే కదా.