ముందు స్కెచ్.. తర్వాతే సాఫ్ట్‌వేర్!

ఇంటర్వ్యూలో అరిగిపోయిన బేరింగ్ బ్లాక్ ఒకటి టేబుల్ మీద పెట్టి, ‘దీని డ్రాయింగ్ గీయండి’ అన్నారనుకోండి. మీ చేయి ముందు దేనికోసం వెతుకుతుంది? మౌస్ కోసమా? పెన్సిల్ కోసమా?

బోధన్ శక్కర్‌నగర్‌లోని నిజాం షుగర్స్ ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు తెచ్చుకుంది. 2015 డిసెంబరులో మూతపడింది. ఊరి పక్కనే ఉద్యోగం అన్న భరోసా దాంతోనే పోయింది. కానీ అలాంటి మిల్లులు నేర్పే పని మాత్రం ఎక్కడికెళ్లినా అన్నం పెడుతుంది. చెరకు పిండే రోలర్లు, వాటి షాఫ్టులు, బేరింగులు అరుగుతూనే ఉంటాయి. పాత యంత్రమైతే డ్రాయింగ్ దొరకదు. అప్పుడు ముక్కను కొలిచి, కాగితం మీదికి ఎక్కించేవాళ్లు కావాలి.

మూడు వ్యూలు.. మూడు కొలతలు

ఒక్క బొమ్మలో ముక్క మొత్తం కనిపించదు. ఫ్రంట్ వ్యూ పొడవు, ఎత్తు చెబుతుంది. టాప్ వ్యూ పొడవు, వెడల్పు. సైడ్ వ్యూ వెడల్పు, ఎత్తు. బేరింగ్ బ్లాక్‌నే తీసుకోండి. షాఫ్ట్ కూర్చునే గుండ్రటి భాగం ఫ్రంట్ వ్యూలో, బోల్టు రంధ్రాల దూరం టాప్ వ్యూలో బాగా తెలుస్తాయి. లోపలి ఆయిల్ రంధ్రం బయటికి కనిపించదు కాబట్టి తెగిన గీతలతో చూపాలి. లోపల చిక్కుగా ఉంటే ముక్కను కోసినట్టు ఊహించి సెక్షన్ వ్యూ గీయాలి. ఒక కొలతను ఒక్కచోటే రాయాలి.

ఇక్కడే తప్పుతారు

మన కాలేజీల్లో నేర్పేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. ఇందులో టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కింద వస్తుంది. ఎడమ నుంచి చూసినది కుడి పక్కన పడుతుంది. అమెరికా కంపెనీలు వాడే థర్డ్ యాంగిల్‌లో టాప్ వ్యూ పైన, ఎడమ వ్యూ ఎడమ పక్కనే. ఏది వాడారో టైటిల్ బ్లాక్‌లోని కోసిన శంకువు గుర్తు చెబుతుంది. అది చూడకుండా చదివితే ఓ పక్కన ఉండాల్సిన రంధ్రం ఇంకో పక్కకి పోతుంది. ముక్క కాస్తా స్క్రాప్!

దారులివీ

పదో తరగతి పాసైతే ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్ ట్రేడ్ ఉంది, రెండేళ్లు. పాలిసెట్ రాస్తే మూడేళ్ల మెకానికల్ డిప్లొమా. నిజామాబాద్‌లోనే ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. బీటెక్ వాళ్లు మొదటి ఏడాది గ్రాఫిక్స్ పుస్తకం మళ్లీ తీయండి. ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ నేర్చుకోవాల్సిందే. కానీ త్రీడీ మోడల్ నుంచి వ్యూలు తీసిచ్చే సాఫ్ట్‌వేర్‌కి ఏ వ్యూ అవసరమో, ఏ కొలత ముఖ్యమో చెప్పాల్సింది మీరే.

రోజుకో ముక్క

నల్లా, సైకిల్ పెడల్, మోటారు పుల్లీ.. ఇంట్లో ఏది దొరికితే అది వెర్నియర్‌తో కొలిచి, చేత్తో మూడు వ్యూలు గీయండి. ఆ వస్తువును చూడని స్నేహితుడికి కాగితం ఇచ్చి, అదేమిటో, ఎలా ఉంటుందో చెప్పమనండి. ‘ఇక్కడ ఎంత లోతురా?’ అని అడిగాడంటే, మీ డ్రాయింగ్‌లో ఓ కొలత తక్కువైనట్టే.