అత్తిరంపాక్కం: పదిహేను లక్షల ఏళ్ల నాటి ఏటిగట్టు

తిరుత్తణి కొండెక్కి సుబ్రహ్మణ్యస్వామిని చూడటం, అమావాస్య నాడు తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేట్లో మునగటం చిత్తూరు, నెల్లూరు జిల్లాల వాళ్లకు తాతల నాటి అలవాటు. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి వెళ్లేదాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాదే. అయితే ఈ దారిన వెళ్లే మనలో చాలామందికి పేరు కూడా తెలియని ఊరొకటి తిరువళ్లూరు జిల్లాలో ఉంది. పూండి జలాశయానికి దగ్గర్లో, కుశస్థలి ఏటి పరీవాహకంలోని ఆ చిన్న పల్లె పేరు అత్తిరంపాక్కం. మన దేశంలో మనిషి చరిత్ర రాయాలంటే మొదటి పుటల్లోనే ఈ ఊరి పేరు రాయాలి.

1863లో ఆ సంగతి బయటపడింది. భూగర్భ సర్వే ఉద్యోగి రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కు మే నెలలో మద్రాసు పక్కన పల్లావరంలో చెక్కిన రాయి ఒకటి దొరికింది. ప్రకృతి చెక్కింది కాదు, మనిషి చెక్కిందని గుర్తుపట్టాడు. సెప్టెంబరులో సహోద్యోగి విలియం కింగ్‌తో కలిసి వెతుకుతూ అత్తిరంపాక్కం చేరాడు. వాననీరు కోసిన వాగుల్లో చేతిగొడ్డళ్లు బయటపడి ఉన్నాయి. ఫ్రాన్స్‌లోని సోమ్ లోయలో దొరికిన ఇలాంటి రాళ్లు మనిషి చేసినవేనని యూరప్ పండితులు ఒప్పుకుని అప్పటికి నాలుగేళ్లే. తర్వాతి కాలంలో కర్నూలు ప్రాంతపు బిల్లసర్గం గుహలను తవ్వించిందీ ఈ ఫుట్ దొరే.

రాళ్లు దొరికినా వాటి వయసు తేలడానికి దాదాపు నూట యాభై ఏళ్లు పట్టింది. పురావస్తు పరిశోధకురాలు శాంతి పప్పు బృందం 1999 నుంచి ఇక్కడ తవ్వకాలు జరిపింది. నేల మీద పడి ఉన్న రాయికి విశ్వకిరణాలు తగిలి అందులో అల్యూమినియం, బెరీలియం పరమాణువుల్లో అరుదైన రకాలు పుడతాయి. రాయి లోతుగా పూడిపోతే ఆ పుట్టుక ఆగుతుంది, ఉన్నవి చెరొక వేగంతో తరిగిపోతాయి. మిగిలిన పాళ్లను బట్టి రాయి ఎంతకాలంగా మట్టిలో ఉందో లెక్కగడతారు. ఆ లెక్క, బంకమట్టిలో నిలిచిన పురాతన అయస్కాంత దిశ రెండూ కలిపి చూస్తే అడుగు పొరలోని పనిముట్లకు సుమారు 15 లక్షల ఏళ్లని తేలింది. 2011లో 'సైన్స్' పత్రిక ఆ ఫలితాన్ని అచ్చువేసింది. అన్నేళ్లూ ఇక్కడ జనం ఎడతెగకుండా కాపురమున్నారని కాదు. వచ్చారు, పోయారు, మళ్లీ వచ్చారు. 3.85 లక్షల ఏళ్ల నాటి పై పొరలో పెద్ద గొడ్డళ్లు తగ్గి, పథకం ప్రకారం కొట్టి తీసిన చిన్న పెచ్చులు కనబడతాయి. ఈ పనితనం మన దేశానికి బాగా ఆలస్యంగా వచ్చిందన్న అభిప్రాయాన్ని 2018లో 'నేచర్' ప్రచురించిన ఈ ఫలితం కదిలించింది.

ఊరికి వసతులేమిటని అడిగితే మనం బడి, బస్సు, ఆసుపత్రి చెబుతాం. ఆనాటి వాళ్లకు కావలసింది నీళ్లు, మంచి రాయి. పక్కనే ఉన్న అల్లికుళి కొండల గులకరాళ్లు గట్టి క్వార్ట్‌జైట్ రాళ్లు. నీటికి జంతువులూ వచ్చేవి. తవ్వకంలో వాటి పళ్లు, గిట్టల ముద్రలు దొరికాయి.

ఆ నీరే ఇప్పుడు చెన్నై దాహం తీరుస్తోంది. మద్రాసు మేయరుగా సత్యమూర్తి పట్టుబట్టి మొదలుపెట్టించిన పూండి జలాశయం 1944లో పూర్తయింది. అది చూడకుండానే 1943లో ఆయన కన్నుమూశారు. జలాశయం కింద తిరువెణ్‌పాక్కం ఊరు మునిగింది. అక్కడి ఊండ్రీశ్వరుడి గుడిని పూండికి తరలించారు. పట్నానికి నీళ్లిచ్చిన కథల్లో ఇలా పోయిన పల్లెల పేర్లు కూడా చెప్పాలని నా పట్టుదల. 1983 ఒప్పందంతో మొదలైన తెలుగుగంగ ద్వారా కృష్ణా జలాలు కండలేరు నుంచి 152 కిలోమీటర్ల కాలువలో సరిహద్దు చేరి, అక్కడి నుంచి పూండికే వస్తాయి. 1996లో తొలిసారి సరిహద్దు దాటాయి.

పూండిలో తమిళనాడు పురావస్తు శాఖ నడిపే చిన్న ప్రదర్శనశాలలో ఈ రాతి పనిముట్లు చూడవచ్చు. తిరుపతి నుంచి, నగరి నుంచి విహారయాత్రకు చెన్నై వెళ్లే బడిపిల్లల బస్సులు అక్కడ ఒక గంట ఆగాలి. ఉపాధ్యాయులకు నా మనవి ఇది. పొలాల్లో చెక్కిన రాయి కనబడితే మాత్రం చూసి అక్కడే వదిలేయమని పిల్లలకు చెప్పండి. ఏ పొరలో, ఏ రాయి పక్కన ఉందో తెలిస్తేనే దాని వయసు చెప్పగలరు. జేబులో వేసుకున్న రాయి వయసు ఇక ఎవరూ చెప్పలేరు.