విద్యార్థి వికాసం – పరిసరాల ప్రభావం

డోర్నకల్ ఒక రైల్వే జంక్షన్. కాజీపేట–విజయవాడ ప్రధాన మార్గం ఈ ఊరి మీదుగా పోతుంది. ఇక్కడే ఒక శాఖ కారేపల్లి మీదుగా కొత్తగూడెం బొగ్గుగనుల వైపు చీలుతుంది. ఇలాంటి ఊళ్ల నుంచి పిల్లల్ని పైచదువులకు వరంగల్‌కో, హైదరాబాద్‌కో పంపేటప్పుడు తల్లిదండ్రుల మనసులో రెండు ఆలోచనలు పెనుగులాడతాయి. బిడ్డ బాగుపడాలన్నది ఒకటి. ఇంటికీ, ధర్మానికీ దూరమవుతాడేమోనన్నది రెండవది. ఆడపిల్ల విషయంలో ఈ భయం మరింత ఎక్కువ. కనుక కొత్త పరిసరాలు విద్యార్థికి ఏమిస్తాయో నిదానంగా పరిశీలించడం అవసరం.

1377లో 'ముఖద్దిమా' రచించిన ఇబ్నె ఖల్దూన్ ఈ విషయం చర్చించారు. విద్య కోసం ప్రయాణించి పలువురు గురువులను స్వయంగా కలుసుకుంటేనే చదువు పరిపూర్ణమవుతుందని ఆయన అభిప్రాయం. ఒక్కొక్క గురువు వాడే పరిభాష ఒక్కొక్క తీరుగా ఉంటుంది. పలువురి వద్ద చదివినవాడికి అసలు శాస్త్రమేదో, దాన్ని చెప్పే పద్ధతి ఏదో విడివిడిగా బోధపడతాయి. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు వినే పిల్లవాడికి ఈ పాఠం చిన్ననాడే మొదలవుతుంది: మాట మారినా లెక్క మారదు.

డోర్నకల్ చరిత్రలోనే ఒక నిదర్శనం ఉంది. 1874లో తిరునెల్వేలి ప్రాంతపు పల్లెలో పుట్టిన వి. ఎస్. అజరయ్య మద్రాసులో చదివి, ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ చర్చికి తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన కాలంలో నిర్మించి 1939లో ప్రతిష్ఠించిన చర్చిలో ముస్లిం, హిందూ వాస్తురీతులు రెండూ కలిసి కనిపిస్తాయి.

మరి పేదవాడి స్థితి మారడానికి పరిసరాలు ఎలా తోడ్పడతాయి? అమెరికాలో రాజ్ చెట్టి, ఆయన సహచరులు 2022లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, పేదలకూ కలిగినవారికీ స్నేహాలు ఎక్కువగా ఉన్న చోట పెరిగిన పేద పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ ఆదాయం పొందుతున్నారు. అయితే ఒకే బడిలో కూర్చున్నంత మాత్రాన స్నేహం కుదరదని కూడా అదే పరిశోధన తేల్చింది. ఏ కోర్సు చదవాలో, ఉద్యోగానికి ఎక్కడ దరఖాస్తు పెట్టాలో పుస్తకాలకన్నా ముందు స్నేహితులే చెబుతారు.

తెలుగునాట ప్రభుత్వ గురుకుల విద్య 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో ప్రారంభమైంది. తెలంగాణలో 2016లో మైనారిటీ గురుకులాలు వెలిశాయి. వీటిలో బాలురకు, బాలికలకు పాఠశాలలు వేరు. 75 శాతం సీట్లు మైనారిటీలకు, 25 శాతం ఇతరులకు కేటాయించారు. తల్లిదండ్రుల సంకోచానికీ, పిల్లల పరస్పర పరిచయానికీ ఈ ఏర్పాటులో సమాధానం ఉంది.

అయినా బిడ్డను పంపడంతో బాధ్యత తీరదు. తరచూ వెళ్లి చూడడం, ఇంటి భాషనూ నమాజునూ మరువనివ్వకపోవడం పెద్దల విధి. సెలవులకు వచ్చిన బిడ్డను మార్కులెన్ని అని అడిగే ముందు, కొత్తగా ఎవరితో స్నేహం కుదిరిందని అడగాలి. వీలైతే ఆ స్నేహితుణ్ణి ఇంటికి భోజనానికి పిలవాలి. అప్పుడు బిడ్డ దూరం కాడు. ఇంటి పరిధే పెరుగుతుంది.