మీకు తెలుసా? ఊపిరితిత్తుల రక్తపోటుకు ఒక్క ఎలుక సాక్ష్యం చాలదు

పచ్చిరొట్టగా వేసే జనుముకు చుట్టమైన ఒక క్రోటలేరియా మొక్క గింజల్లో మోనోక్రోటలిన్ అనే విషం ఉంటుంది. దాన్ని ఎలుకకు ఒక్కసారి సూదిమందుగా ఇస్తే, కాలేయంలో అది మరింత తీక్షణమైన పదార్థంగా మారి ఊపిరితిత్తుల రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. మూడు నాలుగు వారాల్లో అక్కడ రక్తపోటు పెరిగి, గుండె కుడి భాగం అలసిపోతుంది. పుపుస (ఊపిరితిత్తుల) ధమనుల అధిక రక్తపోటుకు మందులు వెతికేవారికి దశాబ్దాలుగా ఇదొక ముఖ్య ఆధారం. కానీ ఈ ఎలుకల్లో జబ్బును తగ్గించిన మందులు ఎన్నో మనుషుల్లో పనిచేయలేదు. రోగుల నాళాల్లో కనిపించే చిక్కుముడుల వంటి పెరుగుదలలు ఈ ఎలుకల్లో సాధారణంగా ఏర్పడవు.

అలాంటప్పుడు జంతువులు ఎందుకని అడగడం న్యాయమే. అయితే రోగి ఊపిరితిత్తుల కణజాలం చాలావరకు జబ్బు ముదిరాక, అవయవ మార్పిడి వేళో మరణానంతరమో మాత్రమే దొరుకుతుంది. జబ్బు వేసిన తొలి అడుగులు అందులో కనిపించవు. కాబట్టి ఎలుక నమూనాను వదిలేయడం కాదు, మరోదానితో సరిచూడడమే దారి. 2001లో వెలువడిన పద్ధతిలో ఎలుకలకిచ్చే ఎస్‌యూ5416 అనే రసాయనానికి మూడు వారాల ఆక్సిజన్ కొరతను జోడిస్తారు. మామూలు గాలిలోకి తెచ్చాక కూడా జబ్బు ముదురుతుంది, ఆ చిక్కుముడులను పోలినవీ ఏర్పడతాయి. 2024లో అమెరికాలో ఈ జబ్బుకు అనుమతి పొందిన సొటాటర్‌సెప్ట్ అనే మందు వెనకున్న సూత్రాన్ని ఈ రెండు రకాల ఎలుకల్లోనూ పరీక్షించారు. రోగి ప్రాణం పణంగా ఉన్నచోట ఆ జాగ్రత్త తప్పనిసరి.